పేర్లు మార్చిన కేసు

రాజేశ్వరమ్మ జొన్నరొట్టె కంచం ముందుకు తోసింది. సూర్యకళ చేతులు ఒళ్లో దాచుకుంది.

ఎవరింటికెళ్లినా పెట్టింది తిని రమ్మని కాకినాడలో అమ్మ నేర్పింది. హైదరాబాదు వచ్చి సోషల్ వర్క్ చదువులో చేరాక, ఫీల్డ్ వర్క్‌కి వెళ్లిన ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టొద్దని పద్మావతి మేడం చెప్పింది. మేడంది లడ్డూల బందరు, మాట మాత్రం ఉక్కు. మార్కులు వేసేది ఆవిడే కాబట్టి సూర్యకళ ఆవిడ మాటే వింది. కడుపు ఒక్కటే అమ్మ పక్షాన ఉండిపోయింది.

“గింత రొట్టె తింటే ఏమైతది బిడ్డా? మీ దిక్కోళ్లకు మా రొట్టె గొంతు దిగదా?” అంది రాజేశ్వరమ్మ.

ఆవిడ కోపం అసలు సూర్యకళ మీద కాదు. కొడుకు దామోదర్ నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. కోస్తా పిల్లను ఇష్టపడి చేసుకున్నాడు. ఆ కోడలు పొద్దున్నే పట్నం బస్సెక్కి నౌకరీకి పోతుంది, దీపాల వేళకు వస్తుంది. మర్యాదకు లోటు లేదు. కానీ ఇంతవరకూ అత్త రొట్టె ముట్టలేదు. తన అన్నం తను వండుకుని వంటింట్లోనే తినేస్తుంది.

“ఒక్కదాన్నే తినుడు నాతోని కాదు. ఈ ఐతారం దాంక సూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే ఘట్‌కేసర్‌ల మా తమ్మునింటికి పోత.”

కోడలికి కనపడకుండా జొన్నల బస్తా వెనక బట్టల మూట కూడా కట్టి పెట్టుకుంది. ఆ మూట చూశాక సూర్యకళ ఇక ఆలస్యం చేయకూడదనుకుంది.

మేడంని సలహా అడగాలి. అయితే కేసు ఎవరిదో మేడంకి కూడా తెలియకూడదు. అదీ మేడం పెట్టిన నియమమే. అందుకని సూర్యకళ నాచారాన్ని ఉప్పల్ చేసింది. జొన్నరొట్టెను రాగిసంకటి చేసింది. కోస్తా కోడలిని మైసూరు కోడలిని చేసింది. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

మేడం అంతా విని కళ్లజోడు తీసింది.

“ఆ కోడలు వట్టి మొండి మనిషిలా ఉందే. మర్యాదగా ఉంటే సరిపోతుందా? పక్కన కూర్చుని ఒక్క ముద్ద తింటే ఆ పెద్దావిడ ఎక్కడికీ పోదు. ఈ మాట ఆ కోడలికి సూటిగా చెప్పు. భయపడకు.”

ఆదివారం బస్సులో దారంతా సూర్యకళ ఆ మాటలే బట్టీ పట్టింది. ఇంట్లో అడుగుపెట్టేసరికి రాజేశ్వరమ్మ రొట్టె ముందు పెట్టుకుని ఒక్కతే కూర్చుంది. మూట బస్తా వెనక నుంచి గుమ్మం దగ్గరికి వచ్చేసింది. కోడలు లోపలే ఉందని వంటింటి వైపు కళ్లతో చూపించింది.

వంటింటికి పరదా వేసి ఉంది. ముఖం కనపడకపోవడమే నయమనుకుని సూర్యకళ పరదాకే చెప్పింది.

“అక్కా, మర్యాదగా ఉంటే సరిపోతుందా? పక్కన కూర్చుని ఒక్క ముద్ద తింటే మీ అత్తగారు ఎక్కడికీ పోరు.”

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మరీ సూటిగా అనేశానేమోనని సూర్యకళ ఒక అడుగు వెనక్కి వేసింది.

పరదా తొలగించుకుని వచ్చిన పద్మావతి మేడం, అత్తగారి పక్కన పీట వాల్చుకుని రొట్టె తుంచి, “సూర్యకళా, నువ్వూ కూర్చో” అంది.