రుబ్బేదేమన్నా ఉందా అక్కా?

కొండ మీద గాలిమరలు జోరందుకోగానే వీధి స్పీకర్ మోగింది: "గాలొచ్చింది, ఈరోజు వంతు మీ వీధిదే!"

అంటే కరెంటు ఫ్రీ, కాకపోతే మొత్తం వాడేయాలి. గాలి కరెంటును వృథా చేసిన వీధికి తర్వాతి వంతు ఇవ్వరు. తర్వాతి వంతు ఆదివారం. ఆదివారమే నాగవేణి కూతురి పెళ్లి, వంటంతా కరెంటు పొయ్యిల మీదే.

నాగవేణి ట్యాంకులు నింపింది. పిండి రుబ్బింది. చీరలకూ, ఆఖరికి మొగుడి లుంగీలకూ ఇస్త్రీ చేసింది. అయినా వీధి మీటరు ఎర్రగానే ఉంది, అంటే కరెంటు ఇంకా మిగిలిపోతోంది.

"మా వదిన ఇంట్లో ఒక్క లైటన్నా వెలగడంల్యా చూడు," అన్నాడు మొగుడు తిప్పేస్వామి.

వదినంటే నాగవేణి తోటికోడలు ఓబులమ్మ. పెళ్లి చీరలకు తనను పిలవలేదని అలిగి మాటలు మానేసింది. నాగవేణి పంతం పక్కన పెట్టి ఆమె గడప దగ్గర నిలబడింది.

"రుబ్బేదేమన్నా ఉంటే ఇయ్యక్కా. మా ఇంట్లో అన్నీ అయిపోయినాయి."

"గాలొస్తేనే గుర్తొస్తానా మే నీకు?"

"చీరలకు పిలవకపోవడం తప్పే. రా అక్కా, పిల్లకు పెద్దమ్మవి నువ్వు."

ఓబులమ్మ లోపలికి పోయి, బియ్యం నానబోసిన గంగాళం ఈడ్చుకొచ్చింది. "పిల్ల పెళ్లికి అరిసెలు నేను చేయక ఇంకెవరు చేస్తారు? నువ్వు పిలుస్తావేమోనని చూస్తాండా."

రెండిళ్ల పిండిమరలూ ఒకేసారి మొదలయ్యాయి. మీటరు పచ్చబడింది. ఆ మోతలో ఓబులమ్మ తిట్లు ఒక్కటీ వినపడలేదు. నాగవేణి మాత్రం అన్నిటికీ తలూపుతూ పిండి పట్టింది.