నవ్వులు కొలిచే కెమెరా

ఆగండి ఆగండి, ముందిది వినండి! పిల్లలు నవ్వుతూ చదవాలని కొత్త రూల్ వచ్చాక, ప్రతి గవర్నమెంట్ స్కూల్లోనూ నవ్వులు కొలిచే కెమెరా పెట్టేశారు. నవ్వులు తగ్గితే స్కూల్ మూసేస్తారు. నేనిక్కడ కొత్త టీచర్ని. ఇవాళ పక్క క్లాసులోకి తొంగి చూస్తే, రత్నమాల మేడం నేల మీద పడిపోయి ఉన్నారు! పిల్లలేమో కదలకుండా కెమెరాకేసి నవ్వుతున్నారు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా నవ్వు మాత్రం చెదరట్లేదు.

"ఏమైందే?" అని అరిచాను.

"అరవకండి మేడం," అంది క్లాస్ లీడర్ యామిని, నవ్వు ఆపకుండానే. "ఏం జరిగినా నవ్వాలని మా రత్నమాల మేడమే చెప్పారు. బెల్లు కొట్టాక లేపుదాం."

మేడం ఊపిరి గురగురమంటోంది. లోపలికి పరిగెత్తబోయాను. కెమెరా చప్పుడు లేకుండా నావైపు తిరిగింది. నా పెదాలు వాటంతటవే సాగిపోయాయి, కాళ్లు కదలట్లేదు. మీరైతే ఏం చేస్తారు?