కాక్‌పిట్ అద్దం

చీకటి పడే వేళకి గిరిధర్ విమానానికి ఆఖరి మెరుగులు దిద్దుతున్నాడు. మచిలీపట్నంలోని తన మేడగదిలో అతనొక్కడే ఉన్నాడు.

జానెడు పొడవున్న ఆ ప్లాస్టిక్ విమానాన్ని నవ్యశ్రీ చేయించుకుంటోంది. ఆమె అన్న, పైలట్ విక్రమ్ నడిపింది అచ్చం ఇలాంటిదే. రెండేళ్ల కిందట సముద్రం మీద మాయమైంది. విమానమూ దొరకలేదు, మనిషీ దొరకలేదు.

"కొత్తదానిలా వద్దండీ. అన్నయ్య తిప్పి తిప్పి పాతబడినట్టుండాలి" అని ఆమె మరీ మరీ చెప్పింది.

అందుకే రెక్కల అంచుల్లో రంగు గీకాడు. ఇంజన్ వెనక మసి పూశాడు. కాక్‌పిట్ అద్దానికి ఆవిరి పట్టి ఉంటే తుడిచాడు. పోలేదు. ఆవిరి లోపలి వైపు ఉంది. ఆ అద్దాన్ని వారం కిందటే గాలి కూడా దూరకుండా అంటించేశాడు.

భూతద్దంలోంచి చూశాడు. ఆవిరి మధ్యలో కాస్త జాగా శుభ్రంగా ఉంది, ఎవరో లోపలినుంచి అరచేత్తో తుడిచినట్టు.

నవ్యశ్రీకి ఫోన్ చేసి, చూసింది చూసినట్టు చెప్పాడు.

"తెరవండి బాబాయ్ గారూ" అంది ఆమె. "నెమ్మదిగా తెరవండి."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, బ్లేడు అంచును అతుకులోకి దించాడు. అద్దం కొంచెం లేచింది. ముందు ఒక చుక్క, తర్వాత సన్నటి ధార. గదంతా సముద్రం వాసన కమ్మింది. బొటనవేలంత కాక్‌పిట్‌లోంచి వచ్చిన నీళ్లు బల్లంతా నిండి, అంచు దాటి, అతని పాదాలను తడిపాయి. ఇంకా వస్తూనే ఉన్నాయి.

"ఆ చప్పుడేంటండీ?" అంది నవ్యశ్రీ. "అన్నయ్య ఉన్నాడాండీ లోపల?"

గిరిధర్ మళ్లీ భూతద్దం అందుకున్నాడు. కానీ కంటి దగ్గరికి తెచ్చుకోలేకపోయాడు.