ఫ్రాన్సు కంకర రోడ్డు

"ఫోను ఇలా తే!"

ఇసుక బస్తాల వెనక నుంచి చెయ్యి చాచాడు సార్జెంటు. కన్నారావు సైకిలు దిగాడు. వెనక క్యారేజీ మీద కూర్చున్న అతని భార్య మణిమాల కూడా దిగి, సంచీని గుండెలకు అదుముకుని నిలబడింది. సంచౌంగ్ పేట నుంచి లతా పేటలో ఉన్న మామగారి కొట్టుకు రోజూ తొక్కే దారే. కానీ సైన్యం గద్దెనెక్కిన దగ్గర్నుంచి రంగూన్‌లో ఏ మలుపులో తనిఖీ గేటు మొలుస్తుందో ఎవరికీ తెలియదు. నిన్న ఇక్కడే, ఫోనులో నిరసన ఊరేగింపు ఫోటో దొరికిందని ఒకమ్మాయిని లారీ ఎక్కించారు. ఎక్కినవాళ్లు ఏమయ్యారో అడిగే దిక్కు లేదు.

కన్నారావు మాత్రం ధీమాగానే ఫోను ఇచ్చాడు. బయల్దేరే ముందు ఊళ్లో అందరిలాగే అతనూ దాన్ని ఊడ్చి కడిగాడు. ఫేస్‌బుక్ తీసేశాడు, ఫోటోలు తీసేశాడు, ఆఖరికి బావమరిది పంపిన పాటలు కూడా తీసేశాడు. అయితే మరీ ఖాళీ ఫోను చూపిస్తే ఏదో దాచావంటూ చావబాదుతున్నారు. అందుకని, లోకంలో ఎవరికీ అభ్యంతరం ఉండనిది ఒక్కటి ఉంచుకున్నాడు.

సార్జెంటు బొటనవేలు సరిగ్గా దాని దగ్గరే ఆగింది.

"ఏమిటీ మ్యాపు?"

తెర మీద వంకరటింకరగా ఒక నీలం గీత. గీత పొడవునా చుక్కలు.

"ఫ్రాన్సు, సయా," అన్నాడు కన్నారావు. ఆ ఊళ్లో బడి పంతులునైనా ఆఫీసరునైనా సయా అనే పిలవాలి. "సైకిలు తొక్కే దారి. ఇదివరకు టూరిస్టులను సైకిళ్ల మీద తిప్పేవాణ్ణి. వాళ్లలో ఒకావిడ పంపింది."

"ఫ్రాన్సో సంచౌంగో నాకెలా తెలుస్తుంది? చిన్నది చేసి దేశమంతా చూపించు."

కన్నారావు రెండు వేళ్లతో తెరను దగ్గరికి లాగాడు. గీత చిన్నదైంది గానీ చుట్టూ అంతా తెల్లగా ఖాళీ. నెట్టు ఉంటే కదా దేశం కనబడేది! ఆ నెట్టు కట్టేసింది ఎవరో, తుపాకీ పట్టుకుని నిలబడ్డవాడి మొహం మీద చెప్పలేడు కదా పాపం.

"నెట్టు... రావడం లేదు సయా."

"ఓలమ్మో!" మణిమాల తెలుగులో అందుకుంది. "ఆ బొమ్మలు కూడా తీసీమని నాను సెప్పినానా, నేదా? నా మాటంటే నీకు లెక్క నేదు. ఫ్రాన్సంట, ఫ్రాన్సు! ఇప్పుడేటి సేత్తావు?"

"ఊరుకోయే. నువ్వరిస్తే ఆడింకా రేగుతాడు."

"బర్మా భాషలో మాట్లాడండి!" కసిరాడు సార్జెంటు. "ఈ చుక్కలేమిటి? జనం కలుసుకునే చోట్లా?"

"మంచినీళ్ల కుళాయిలు సయా. దాహమేస్తే తాగడానికి."

పక్కనున్న సిపాయిలిద్దరూ కిసుక్కుమన్నారు. సార్జెంటు నవ్వలేదు.

"అయితే ఆ దారి ఎలా ఉంటుందో చెప్పు. తడబడ్డావో, లారీ అక్కడుంది."

కాలు పెట్టని దేశం మీద పరీక్ష పెడితే ఎవరికైనా చెమటలు పట్టవూ! కానీ మొదట కరోనా, తర్వాత ఈ గొడవలు, ఇంట్లో పడి ఉన్న ఇన్ని నెలల్లో ఆ దారిని కళ్లతోనే ఎన్నిసార్లు తొక్కాడో కన్నారావుకే తెలియదు.

"అది పాత రైలు దారి సయా. పట్టాలు పీకేసి సన్న కంకర పరిచారు. కొంత దూరం పోయాక కాలవ వస్తుంది. ఇక ఆ గట్టు మీదే పోవడం. కార్లు రావు, బస్సులు రావు."

"గేట్లు?"

"ఉండవు."

"సోల్జర్లు?"

"ఉండరు సయా."

"సోల్జర్లు లేని దారి కావాలన్నమాట నీకు!"

నిజం చెప్పి మరీ చిక్కుకున్నాడు కన్నారావు.

మణిమాల ఇక ఆగలేకపోయింది. "ఆవిడ పంపిన దారి వీడియో కూడా ఫోనులోనే ఉంది సయా, చూడండి," అంది బర్మా భాషలో. "ఈయన అన్నం మానేసినా మానేస్తాడు గానీ అది చూడటం మానడు. ఇదంతా వట్టి పిచ్చి, అంతే."

సార్జెంటు వీడియో నొక్కాడు. సైకిలు హ్యాండిలు, దాని ముందు తెల్లటి కంకర దారి, రెండు పక్కలా చెట్లు. చక్రాల కింద కరకరమని చప్పుడు. మనిషన్నవాడు కనబడలేదు. ఒక చోట ఆవు తల తిప్పి చూసి, మళ్లీ మేతలో పడింది. దారి సాగుతూనే ఉంది, సార్జెంటు చూస్తూనే ఉన్నాడు. వెనక టాక్సీవాడు విసుగొచ్చి హారన్ కొట్టినా తలెత్తలేదు. మణిమాల కాలు ఒక చోట నిలవడం లేదు. వదిలేస్తాడా, లాక్కుపోతాడా? ఏదో ఒకటి తేల్చకుండా ఈ చూడటమేమిటి!

ఉన్నట్టుండి సార్జెంటు వీడియో ఆపేశాడు.

"మీరిద్దరూ వెళ్లి ఆ టాక్సీ డిక్కీ తెరిపించండి," అని సిపాయిలను పంపాడు. తర్వాత కన్నారావు భుజం పట్టుకున్నాడు. "నువ్వు బస్తాల వెనక్కి రా. ఒక్కడివే."

"ఎల్లొద్దు!" మణిమాల భర్త చొక్కా గట్టిగా పట్టేసుకుంది. బర్మా మాట ఒక్కటీ నోటికి రాలేదు. "బాబూ, ఈయన ఏటీ ఎరగడు బాబూ! ఈయన్ని వొగ్గీండి!"

సార్జెంటు ఆమె చెయ్యి విడిపించి, కన్నారావును బస్తాల చాటుకు నెట్టాడు. పైడితల్లీ, ఈ ఒక్కసారికీ కాపాడు తల్లీ అనుకుంటూ కన్నారావు కళ్లు మూసుకున్నాడు. మొదటి దెబ్బ ఎక్కడ పడుతుందా అని ఒళ్లంతా బిగబట్టాడు.

దెబ్బ పడలేదు. చెవి దగ్గర సార్జెంటు ఊపిరి తగిలింది.

"ఇలాంటి గీతే ఒకటి గీసిపెట్టు తమ్ముడూ, ఇక్కణ్ణుంచి థాయ్‌లాండ్ సరిహద్దు దాకా... మావాళ్ల గేటు ఒక్కటి తగిలినా నన్నూ, నా భార్యనూ, చంటిదాన్నీ కాల్చేస్తారు."