ఐదువందల ఒకటో మనిషి

సుభద్ర, ఆమె ఆడబిడ్డ రాజ్యం వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. సుభద్ర చూపు చింతపండు మీద లేదు, రాజ్యం వేళ్ల మీద ఉంది. గింజ అందినట్టే అంది, మళ్లీ మళ్లీ జారిపోతోంది.

సుభద్ర కూతురు మాలతి జబ్బుకు మందు నెలనెలా ఉచితంగా వస్తుంది. దేశంలో ఆ జబ్బున్నవాళ్లు ఐదువందలు దాటనంతవరకే దాన్ని అరుదైన జబ్బంటారు. ఒక్కరు పెరిగినా ఆ మందుకిచ్చిన రాయితీలన్నీ పోతాయి, ఉచితంగా రావడం ఆగిపోతుంది. ఆ లెక్క ఫోన్లో అందరికీ కనబడుతుంది. ఈ ఉదయానికి సరిగ్గా ఐదువందలు. అది వంశంలో వచ్చే జబ్బు. అందుకే ఈమధ్య సుభద్ర పెళ్లిళ్లకు వెళ్లినా చుట్టాల చేతులూ నడకే గమనిస్తోంది.

"చేతికేమైంది రాజ్యం?"

"తిమ్మిరి వదినా. రేపు పెద్దాసుపత్రిలో చూపించుకుందామని."

"తిమ్మిరికి పెద్దాసుపత్రా! నీకన్నీ ఆర్భాటాలే. కాస్త నువ్వులనూనె రాసుకో, అదే పోతుంది."

రాజ్యం నవ్వలేదు. "మన మాలతికి మొదట్లో ఎలా ఉండేది వదినా?"

"జ్వరం," అంది సుభద్ర వెంటనే. "ఒళ్లు కాలిపోయేది. చేతులకేం కాలేదు."

గుమ్మంలో నిలబడ్డ మాలతి తల్లివంక వింతగా చూసింది.

"జ్వరం ఎక్కడొచ్చిందమ్మా నాకు? జడకి రబ్బరుబ్యాండు కూడా పెట్టుకోలేకపోయేదాన్ని. ముందు పోయింది వేళ్లే అత్తా!"

సుభద్ర తల వంచుకుని గబగబా గింజలు తీయసాగింది. రాజ్యం ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని, మాలతి తల ఒకసారి నిమిరి, చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.