వాన దొంగ

వానను దొంగిలించిన మనిషిని పట్టుకోవడానికి గోదా తిరుపతి నుంచి జీపులో బయల్దేరింది. సాక్ష్యం ఒళ్లోనే ఉంది. వెడల్పాటి స్టీలు గిన్నె. దాని అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు: కోమలి.

"దొంగతనం చేసి పేరు కూడా పెట్టి పోయిందే, మహాతల్లి" అని దారి పొడవునా నవ్వుకుంది.

సంగతి ఇదీ. ఎండలు ముదిరి, వానలు దారి తప్పిన ఈ కాలంలో రైతును ఆదుకోవాలని ఇరుగుపొరుగు దేశాలు నాలుగు కలిసి ఒక నిధి పెట్టాయి. కాణిపాకం అవతల చింతమాకులపల్లె కూడా ఆ జాబితాలో ఉంది. సచివాలయం మిద్దె మీద వాన కొలిచే గొట్టం ఒకటి బిగించారు. రెండు నెలల్లో వంద మిల్లీమీటర్లు పడకపోతే ఎకరాకు పదివేలు నేరుగా రైతు ఖాతాలోకి వస్తాయి. వంద దాటితే రావు.

ఈసారి వేరుశనగ నిలువునా ఎండింది. అంతా అయిపోయాక, గడువు ఇంకో వారం ఉందనగా, ఒక సాయంత్రం కుండపోతగా కురిసింది. పైరుకు పనికిరాని వాన, నిధికి మాత్రం అడ్డొచ్చే వాన. చుట్టుపక్కల ఊళ్ల గొట్టాలన్నీ ఆ ఒక్క పూటే అరవై పడి, మొత్తం వంద దాటిందన్నాయి. చింతమాకులపల్లె గొట్టం మాత్రం ఆ పూట సున్నా అంది. మెకానిక్ వెళ్లి చూస్తే, దాని మూతి మీద ఈ గిన్నె బోర్లించి ఉంది.

నిధి ఆఫీసులో ఈ గొట్టాల బాధ్యత గోదాదే. ఆ వానకు ముందురోజే స్వయంగా వచ్చి గొట్టాన్ని తుడిచి, పరీక్షించి వెళ్లింది. అంటే ఆమె మెట్లు దిగాకే ఎవరో మెట్లెక్కారు. ఇక ఆ మనిషెవరో తేలాలి, అంతే.

కోమలి వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. గిన్నెను చూడగానే ముఖం విప్పారింది.

"మా మేనమామ పెట్టిన గిన్నెమ్మా ఇది. నెల్నాళ్లుగా ఎతకతా ఉండాను. యాడ దొరికింది?"

"సచివాలయం మిద్దె మీద. గొట్టం మీద."

కోమలి గిన్నెకేసి చూసింది, గోదాకేసి చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను అలసంద వడలేసి ప్రేమానందమన్నోళ్లింటికి పంపినాను. మళ్లా రాలే. ఆయన్నే అడుగు."

"కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంది గోదా. ఆ వినాయకుడి పేరు చెబితే చుట్టుపక్కల ఎంత గట్టివాడైనా తడబడతాడు.

"పద పోదాం. నువ్వు గూడా చేద్దువుగానీ" అంది కోమలి.

గోదాకు ఒళ్లు మండింది.

ప్రేమానందం టైలరు. మిషను ఆపకుండానే ఒప్పుకున్నాడు. "వచ్చినాది మేడం. ఖాళీ గిన్నె ఎనక్కిస్తే బాగుంటాదా? మా పాప పుట్టినరోజు పాయసం పోసి పంపినాను. ఆ వారం కోమలి ఊర్లో లేదు. పక్కిల్లే గదా అని అలివేలమ్మత్త చేతికిచ్చినాను."

"నవ్వుతున్నావెందుకు?"

"ఏం లేదు మేడం. అత్తనే అడగండి. ఆమె చెప్తేనే బాగుంటాది" అంటూ అతను కుట్టు మీదికి తల వంచాడు.

ఊరంతా కట్టుగా ఉందని గోదాకు అర్థమైపోయింది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకునేవాడు ఎక్కడైనా ఒక్కడుంటాడు. ఇక్కడ అందరూ ముసిముసిగా నవ్వుతున్నారు.

కోపం మాట అటుంచితే, లోపల బాధగానూ ఉంది. ఈ ఊరంటే ఆమెకు ఇష్టం. గొట్టం మీద చెయ్యి వేసింది ఊరి మనిషే అని రాస్తే, నూటనలభై ఇళ్లకు ఒక్క పైసా రాదు. ఆఫీసు పొరపాటైతే మాత్రం రైతుకు మొత్తం ఇచ్చి తీరాలి. ఒప్పందంలో ఆ మాట స్పష్టంగా ఉంది. జాలిపడి అలా రాసేద్దామా అని ఒక క్షణం అనిపించింది కూడా. కానీ ఆరేళ్ల ఉద్యోగంలో గోదా ఒక్క అబద్ధం రాయలేదు.

అలివేలమ్మ అరుగు మీద కనకాంబరాలు కడుతోంది. డెబ్బై దాటినా వేళ్లు చకచకా ఆడుతున్నాయి.

"అవ్వా, ఈ గిన్నె నీ దగ్గరికొచ్చిందా?"

"వచ్చినాది. పాయసం బాగుండె."

"మరి కోమలికివ్వలేదేం?"

"ఆ యమ్మి ఊర్నించి రాలేదు గదా. దాంట్లోనే ఇంత సంగటి, శెనక్కాయ ఊరిబిండి పెట్టి ఇంకొకరికిస్తిని. పాపం, మిట్టమధ్యాన్నం ఆకలితో ఉండాది బిడ్డ అని."

గోదా పెన్ను తీసింది. ఇన్నాళ్లకు దొంగ దొరికింది. అయినా సంతోషం కలగలేదు.

"చూడవ్వా, ఆ పేరు నువ్వు చెబితే నేను రాయక తప్పదు. రాశాక ఎవరు బతిమాలినా కొట్టెయ్యను. ఎవరికిచ్చావు?"

"ఖాయంగా రాస్తావా?"

"రాస్తాను."

"కొట్టెయ్యవు గదా?"

"కొట్టెయ్యను. చెప్పు."

అలివేలమ్మ పూలు పక్కన పెట్టింది. అప్పటికే కోమలీ, ప్రేమానందమూ గోడ పక్కకు చేరి నిలబడ్డారు.

"నీకే తల్లీ. ఆ పొద్దు మిద్ది మీద చెవికాడ ఫోను పెట్టుకోని యా దేశమోళ్లతోనో మాట్లాడతానే తిన్నావు, శుబ్బరంగా కడిగినావు, ఆరతాదని ఆ గొట్టం మీదే బోర్లించి పోతివి."