డ్రిల్లు మాస్టారి కోడలి యోగసాధన

"ఏవండీ, డాక్టరమ్మ యోగాసనాలు వెయ్యమందండీ," అంది సీతామహాలక్ష్మి రిక్షా దిగుతూనే. వెనకాల కోడలు ఇందిర తల వంచుకుని నిలబడింది. మూడో నెల.

గోపాలకృష్ణమూర్తి గారి మొహం విప్పారింది. ఆయన బందరులో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి, ఉప్పెన వచ్చిన ఏడే రిటైరయ్యారు. బడి వదిలారు గానీ డ్రిల్లు వదల్లేదు. తెల్లారి ఐదింటికల్లా ఇంట్లో మంచాలన్నీ ఎత్తి గోడకి నిలబెట్టాల్సిందే. పట్టపగలు నడుం వాల్చినవాళ్లని ఆయన సహించరు.

ఇందిరకి అప్పటికే రెండు కడుపులు ఐదో నెల దాటి నిలవలేదు. చాలినంత వ్యాయామం లేకేనని ఆయన తేల్చేశారు. తల్లి లేని పిల్ల, పుట్టింట్లో చేసే దిక్కు లేదు. ఇదైనా దక్కాలని ఇంటిల్లిపాదీ మొక్కని దేవుడు లేడు.

"చూశావా! నేను మొత్తుకునేది అదే. పొద్దునో గంట వేస్తే చాలా?"

"చాలదటండీ. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు, సాయంత్రం రెండు. మిగతా టైములో పనులేమీ చెయ్యకూడదట. చేస్తే సాధనంతా కరిగిపోతుందట."

మాస్టారు బిత్తరపోయారు. మిలిటరీలో కూడా అంత లేదు.

"ఇంకోటండీ. ఆడవాళ్ల ఆసనాలు మగవాళ్ల కంట పడకూడదట. తలుపేసుకుని నేనే చేయిస్తాను."

"నీకేం వచ్చే?"

"డాక్టరమ్మ చెప్పిందిగా!"

మర్నాటి నుంచి సాధన మొదలైంది. మూసిన తలుపు వెనక నుంచి అత్తగారి గొంతు వినపడేది. "ఊపిరి పీల్చు తల్లీ... ఆఁ, వదులు... మెల్లిగా."

వసారాలో కుర్చీ వేసుకుని మాస్టారు కాపలా. గిలకలదిండి నుంచి చేపల గంపతో వచ్చే మాణిక్యమ్మ వీధిలో కేకేస్తే, "ఉష్! లోపల సాధన!" అని కసిరేవారు.

బావిలో నీళ్లు తోడడం, పిండి రుబ్బడం, బట్టలుతకడం అన్నీ సీతామహాలక్ష్మి నెత్తిన పడ్డాయి. యాభై దాటిన మనిషి. రుబ్బురోలు దగ్గర నడుం పట్టుకుని లేస్తుంటే మాస్టారికి జాలేసింది.

"నువ్వూ నాలుగు ఆసనాలు వెయ్యరాదుటే? ఒళ్లు తేలికపడుతుంది."

"నా మొహానికి ఆసనాలొకటా!" అని ఆవిడ బిందె ఎత్తుకుంది.

ఐదో నెల గండం గడిచింది. ఏడో నెలా గడిచింది. ఇక మాస్టారిని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. కోనేరు సెంటర్లో కనపడిన ప్రతివాణ్నీ ఆపి, గర్భిణులకి యోగా వల్ల లాభాలు ఏకరువు పెట్టేవారు. నడుంనొప్పి రాదు, కాళ్లు వాయవు, నిద్ర బాగా పడుతుంది, కాన్పంటే భయం పోతుంది.

"మా కోడలే సాక్ష్యం! రోజుకి ఎనిమిది గంటలండీ!"

ఆయన మాట విని చిలకలపూడిలో ఇద్దరు అత్తగార్లు కోడళ్ల చేత అప్పుడే మొదలుపెట్టించారు కూడా.

నెలలు నిండాయి. ఇందిర ఏడు పౌన్ల మగబిడ్డని కంది. మనవణ్ని చేతుల్లోకి తీసుకుని, జన్మలో కంటతడి పెట్టని మాస్టారు ఆస్పత్రి వరండాలో భోరుమన్నారు. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని డాక్టర్ జ్ఞానమ్మ గారి గదిలోకి వెళ్లారు.

"డాక్టరు గారూ, టౌన్‌హాల్లో సభ పెడుతున్నాను. 'గర్భిణులకు యోగా' అని. మీరే అధ్యక్షత వహించాలి. మా కోడలి చేత ఎనిమిదేసి గంటలు ఆసనాలు వేయించిన పుణ్యం మీదేగా!"

జ్ఞానమ్మ గారు కళ్లజోడు తీసి ఆయనకేసి విచిత్రంగా చూశారు.

"ఆసనాలేమిటి మాస్టారూ, ఆ పిల్ల గర్భసంచి బలహీనం, కాన్పయ్యేదాకా పడుకోబెట్టే ఉంచాలి, లేచి తిరిగిందా ఈ బిడ్డా దక్కదు అని నేనంటే, మీ ఆవిడ నా చేతులు పట్టుకుని 'ఆయనకి ఏదో ఒకటి చెప్పుకుంటాను లెండి' అని ఏడ్చి వెళ్లిందే!"